కారు నేలకు తీసిన కొలత

మార్చి ఇరవై, బుధవారం

అమ్మా,

నీ పెద్దపిల్ల ఎల్నా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసాగా ఉన్నాం. సరస్సు ఆవలి ఒడ్డున నువ్వూ సైమా పిన్నీ ఒకరు పెట్టిన కాఫీకి ఒకరు వంకలు పెట్టుకుంటూ అలాగే ఉన్నారనుకుంటాను. సరస్సు కూడా కులాసాయే. మంచు ఇంకా విడవలేదు. పొద్దున్నే ఒడ్డున నిలబడితే అడుగున ఎవరో బరువైన బల్లలు జరుపుతున్నట్టు చప్పుడు వినిపిస్తోంది. నేను స్కూలు వంటింటికి వెళ్ళే దారిలో రోజూ కాసేపు ఆగి వింటున్నాను. ఆ చప్పుడు మీ ఒడ్డుకి కూడా వినిపిస్తుందేమోనని ఒక పిచ్చి ఊహ.

ఫోను చేస్తే నీ చెవిమిషను ఈల వేస్తుందని విసుక్కుంటావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నిజానికి ఈసారి ఫోను ఎత్తే ధైర్యం కూడా నాకు లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పనీ.

కిటికీలోని జెరేనియం బతికే ఉంది. నువ్వు చెప్పినట్టు నీళ్ళు తగ్గించాను, రెండు మొగ్గలు వేసింది. పక్కింటి ఆర్విడ్‌కి కోపం లేదు. నీ కారు గుద్దిన కట్టెల పేర్పును ఎప్పుడో మళ్ళీ పేర్చుకున్నాడు. అది ఎంత వంకరగా ఉందంటే, గాలి వీస్తే నేనే వెళ్ళి పట్టుకోవాలనిపిస్తుంది. మొన్న కంచె మీద మోచేతులు ఆనించి అడిగాడు.

"ఏమ్మా ఎల్నా, మీ అమ్మ ఎప్పుడొస్తుంది?"

"ఏమో ఆర్విడ్, అక్కడే ఉండిపోతానంటోంది."

"ఉండిపోవడమేంటి? కట్టెలదేముంది, మళ్ళీ పేర్చుకున్నా. ఆ యాలకుల రొట్టె ఎవరు చేసిపెడతారు నాకు? నువ్వా? క్రిస్మస్‌కి నువ్వు చేసింది కట్టెల్లో కలిపేశా, ఇంతవరకూ అంటుకోలేదు."

చూశావా, నీ అండ లేకపోయేసరికి నా వంట మీద అందరికీ నోళ్ళు లేస్తున్నాయి.

తమ్ముడు డేల్ నీ కారు కొనే మనిషిని చూశాడు. ఆసుపత్రిలో పనిచేసే నర్సు, నెమ్మదైన మనిషే. నెలాఖరుకి తీసుకుంటానంది. నువ్వేమో పిన్ని ఊళ్ళో పెద్దవాళ్ళుండే ఆ భవనంలో గదికి ఒకటో తారీఖున సంతకం పెడతానని రాశావు. రెండు తారీఖులూ పక్కపక్కనే పడ్డాయి.

నీ ఉత్తరంలో ఒక పంక్తి దగ్గర నేను ఆగిపోయాను. "బహుశా నేనే తప్పు పెడల్ తొక్కి ఉంటాను ఎల్నా. ఈమధ్య వేసిన కుట్లు కూడా రెండోసారి లెక్కపెట్టుకుంటున్నాను. నా మీద నాకు నమ్మకం పోయాక, మీరు పనులకి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో పగలంతా ఒక్కదాన్నీ ఉండటం మంచిది కాదు." జనవరిలో నువ్వు ఆ మాట అనలేదు. జనవరిలో, ఆర్విడ్ వాకిట్లో మంచులో నిలబడి, చేతిలో సంచి అలాగే పట్టుకుని, "నేను కాలు తీసేశాను. అది ఆగలేదు" అన్నావు. రెండుసార్లు అన్నావు. ఈ రెండు నెలల్లో నీ మాట నీకే అబద్ధంలా తోచేటట్టు చేశాం మేము.

సరే, కారులో కాళ్ళ కింద పరిచే మ్యాట్ల సంగతి. "ఎవరికి అమ్మినా నేల బోసిగా పెట్టి అమ్మొద్దు, కొలిచినట్టు సరిపోయే మ్యాట్లు వేసి ఇవ్వు, కొట్టువాళ్ళ మాట నమ్మి ఏదో ఒకటి తేకు, కాగితం మీద గీసుకో, గీసింది నాకు పంపు" అని రాశావు కదా. నీ మాట వినకుండా శుక్రవారం నేరుగా కొట్టుకే వెళ్ళాను. రేవు రోడ్డులో కార్ల సామాను అమ్మే బెవ్ నీకు తెలుసు. తన పెళ్ళికి వేసుకున్న కోటు నువ్వు కుట్టిచ్చావని ఇప్పటికీ చెప్పుకునే మనిషి.

"ఏ కారు?" అంది.

"మా అమ్మ కారు. నీలంది."

"రంగుతో నాకేం పని తల్లీ! ఏ మోడలు, ఏ ఏడాది? తలుపులు రెండా, నాలుగా? అడుగున కొక్కేలున్నాయా?"

కొక్కేల సంగతి నాకు తెలియదు. పదకొండేళ్ళుగా మనింట్లో ఉన్న కారు, దాని నేల ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా సరిగ్గా గమనించినదాన్ని కాను. గోడకి వేలాడుతున్న నల్లవి చూపించి, వాటి మీద అన్ని కార్లకీ సరిపోతాయని రాసి ఉంది కదా అన్నాను. బెవ్ ఒకటి దించి నా ముందు పరిచింది.

"సరిపోతాయి, నువ్వు చుట్టూ కోసుకుంటే. కోశాక అంచు పోతుంది. అంచు పోతే బూట్ల మంచు కరిగిన నీళ్ళన్నీ కార్పెట్లోకే పోతాయి. పైగా కొక్కేలకి కన్నాలుండవు. కన్నం లేని మ్యాటు ఎంత బరువున్నా మడమ తగిలినప్పుడల్లా కాస్త కాస్త ముందుకి పోతూనే ఉంటుంది. మీ కారుకని అచ్చు పోసింది తెప్పిస్తాను, నాలుగు రోజులు పడుతుంది. ఇంకోటి, పాతది ఉంటే తీసెయ్. పాతదాని మీద కొత్తది వెయ్యకు."

"మనూళ్ళో అందరూ అలాగే వేస్తారుగా!"

"అందరూ వేస్తారు. అదే నా ఏడుపు" అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకా లేదు. వంతెన దాటేలోపే ఎక్కడో పోయింది.

ఆదివారం పొద్దున నువ్వు చెప్పిన పనికి కూర్చున్నాను. ముందురోజు కురిసిన మంచు కారును పైనుంచి కిందిదాకా కప్పేసింది. డ్రైవరు వైపు తలుపు ఒక్కటే తవ్వుకుని, నీ గోధుమరంగు కాగితపు చుట్టా, నీలం, ఎర్ర పెన్సిళ్ళూ పట్టుకుని లోపలికి దూరి తలుపు మూసుకున్నాను. అమ్మా, ఆ వెలుతురు నువ్వు చూడాల్సింది. అద్దాలన్నిటి మీదా మంచే కాబట్టి బయటి లోకం లేదు. మంచులోంచి వడకట్టినట్టు లేత నీలపు కాంతి ఒక్కటే లోపలికి వస్తోంది. చప్పుడు లేదు. నా ఊపిరి నాకే పక్కనెవరో తీస్తున్నట్టు వినిపించింది. నీ యాలకుల వాసన, మిషను నూనె వాసన ఇంకా సీట్లలోనే ఉన్నాయి. సిగరెట్ బూడిద గిన్నెలో నీ గుండుసూదులు, తలుపు అరలో అరిగిపోయిన దర్జీ సుద్దముక్క, ఒంటరి చేతితొడుగు. నేను సీటుకి అడ్డంగా పడుకుని, తల స్టీరింగ్ కిందికి పెట్టి, కాగితం నేలకి అదిమి గీత గీయడం మొదలుపెట్టాను.

అలా పడుకుని ఉండగా నేను మళ్ళీ ఆరేళ్ళ పిల్లనైపోయాను. నీ కుట్టుబల్ల కింద గుడ్డముక్కల మీద వెల్లకిలా పడుకుని నీ పాదం చూస్తూ గడిపేదాన్ని, గుర్తుందా? బూడిదరంగు మేజోడులో నీ కుడిపాదం మిషను పెడల్ మీద ఉండేది. నొక్కినట్టే కనిపించేది కాదు. పైన మిషను పరుగెత్తేది, తగ్గేది, ఒక్క కుట్టు దగ్గర టక్కున ఆగేది. ఊళ్ళో సగం మంది చలికోట్లు ఆ పాదం కుట్టినవే. జేబు మూల తిరిగేచోట ఒక్క కుట్టు ఎక్కువ పడగా నేనెప్పుడూ చూడలేదు. ఆ నీలపు వెలుతురులో యాక్సిలరేటరు పెడల్ నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది. ఎప్పుడు నడపాలో ఎప్పుడు ఆపాలో నలభై ఏళ్ళు తెలిసిన పాదానికి ఒక్క బుధవారం మధ్యాహ్నం తెలియకుండా పోయిందా అనుకున్నాను. ఆ ప్రశ్న నాకు జనవరిలో ఎందుకు రాలేదో తెలియదు. అక్కడే పడుకుని కాసేపు ఏడ్చాను.

కొత్త కోటుకి కాగితం కోసేముందు పాత కోటు దాని మీద పరిచి చూడడం నీ పద్ధతి. ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వేలాడిందో దానివల్ల తెలుస్తుందనేదానివి. ఉత్తరంలోనూ అదే రాశావు, "పాత మ్యాటు పరిచి దాని గీత కూడా గియ్యి" అని. నాన్న పోయేవరకూ ఆయన ట్రక్కులో ఉన్న మ్యాటు నీకు తెలిసిందే. గని దగ్గర ఖనిజం మోసి మోసి అరిగిపోయిన వెడల్పాటి రబ్బరు బెల్టు ముక్క కోసి తెచ్చుకున్నాడు. మన వైపు అది లేని బండి ఉండదు. నవంబరులో నీ కారులో దాన్ని వేసింది నేనే. నీ బూట్లు తడవకూడదని, నాన్న వస్తువు నీ కాళ్ళ కింద ఉంటే బాగుంటుందని వేశాను. కింద కార్పెట్ మ్యాటు తియ్యకుండా దాని మీదే వేశాను. పక్కన ఎక్కువైందని రొట్టె కోసే కత్తితో ఒక అంచు కోశాను. నువ్వు వాకిట్లోకి వచ్చి, "కొలత తీశావా?" అని అడిగావు. "చూపు కొలత చాల్లే అమ్మా" అన్నాను. దర్జీ కూతురిని, ఆ మాట అన్నాను.

గుద్దిన రోజు సాయంత్రం ఆ రెంటినీ తడిసిపోయాయని తీసి కొట్టంలో పడేశాను. ఆదివారం అవే తెచ్చి, ఎలా వేశానో అలాగే వేశాను. చలికి బెల్టు రబ్బరు బల్లచెక్కలా బిగిసిపోయింది. వంటింట్లో చూస్తే మెత్తగా ఉంటుంది, చలిలో ఇలా అవుతుందని నాకు తట్టలేదు. మడమతో నాలుగుసార్లు తన్ని చూశాను. నాలుగుసార్లూ జారింది. దాని ముందు మూల, నేను కత్తితో కోసిన మూలే, పైకి లేచి పెడల్ అంచు మీదికి వచ్చింది. ఇంజిను ఆపే ఉంది. చేత్తో యాక్సిలరేటరు అడుగుదాకా నొక్కి వదిలాను.

అది లేవలేదు అమ్మా. మూల దాన్ని పట్టుకుని ఉండిపోయింది. మళ్ళీ మళ్ళీ చేశాను, ఏడుసార్లు. ఒక్కసారి మాత్రం లేచింది. కాలు తీసేశానని నువ్వు చెప్పింది నిజం. అది ఆగలేదన్నది కూడా నిజం. నువ్వు ఏ తప్పూ తొక్కలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. నిన్న రాసిన ఉత్తరం ఇక్కడితోనే ఆపాను, కవరు కూడా అతికించాను. పొద్దున దాన్ని పొయ్యిలో వేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఎందుకంటే ఇంకొకటి ఉంది.

ఆ బుధవారం ఆర్విడ్ ఫోను చేస్తే పరుగెత్తుకు వచ్చాను కదా. ఆర్విడ్ చేతి నిండా కట్టెలతో లోపలికి వెళ్ళి నిమిషం కూడా కాలేదట. నిన్ను వాళ్ళ వంటింట్లో కూర్చోబెట్టి, కారు వెనక్కి తీద్దామని నేనే ఎక్కాను. ఎక్కగానే నా బొటనవేలికి మ్యాటు ముందుకి జారి అడ్డం తగిలింది. కాలితో దాన్ని వెనక్కి తన్నుకుని, కారు తీసి, మన వాకిట్లో పెట్టాను. ఆ తన్నడం నాకు గుర్తుంది. సాయంత్రం మన వంటింటి బల్ల దగ్గర డేల్ "అమ్మ వయసైపోయింది, ఇంక బండి వద్దు" అంటున్నప్పుడు కూడా గుర్తుంది. అది ఏమిటో అప్పుడు నాకు తెలుసా అంటే, తెలియదనే ప్రమాణం చేస్తాను. కానీ అడిగి ఉంటే తెలిసేది. నేను నన్ను అడగలేదు. నువ్వు తాళంచెవి సంచిలోంచి తీసి, ఎవరూ చెయ్యి చాపకుండానే, చక్కెర గిన్నె పక్కన పెట్టావు. అది చూడగానే నాకు గుండె తేలికైంది అమ్మా. ఐదు చలికాలాలుగా, మంచు కురిసిన ప్రతి బుధవారం నువ్వు చర్చి నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడుతూ వచ్చాను. ఇక నిలబడక్కర్లేదు అనుకున్నాను. ఆ తేలిక కోసం నా బొటనవేలికి తగిలినదాన్ని మర్చిపోయాను. నీ మీద నీకే అనుమానం వచ్చేలా నిన్ను వదిలేశాను. ఇదీ నేను చెప్పాల్సింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

డేల్‌కి సోమవారం చెప్పాను. నమ్మలేదు. కారు దగ్గరికి లాక్కెళ్ళి చేత్తో నొక్కమన్నాను. నొక్కాడు, వదిలాడు, చూశాడు. మళ్ళీ నొక్కాడు. మోకాళ్ళ మీద కూర్చుని కోసిన అంచుని వేలితో తడిమాడు.

"ఇది నాన్న మ్యాటు కదే" అన్నాడు చివరికి.

"నాన్నదే. కోసింది నేను."

"అమ్మ ఆ రోజు చెబుతూనే ఉంది. నేను మధ్యలో నోరు మూయించాను."

లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. వాడు వాడే కాబట్టి, కళ్ళు తుడుచుకోగానే మళ్ళీ పెద్దమనిషి అయిపోయాడు. "అయినా సరే, రోడ్డు పరీక్ష ఒకటి పెట్టిద్దాం. పాసైతే ఎవడూ మాట్లాడటానికి ఉండదు" అన్నాడు. కంచె అవతలి నుంచి ఆర్విడ్ ఇదంతా విన్నాడు. "పరీక్ష నువ్వు కూడా రాయరా డేల్. పోయినేడు నా తపాలా పెట్టెని రెండుసార్లు గుద్దింది ఎవరు?" అని అరిచాడు. డేల్ ఎర్రబడిపోయి లోపలికి వెళ్ళాడు, నర్సుకి ఫోను చేసి కారు అమ్మడం లేదని చెప్పాడు.

బెవ్ తెప్పించిన మ్యాట్లు ఇవాళ మధ్యాహ్నం వచ్చాయి. నీ కారుకి, ఆ ఏడాదికి అచ్చు పోసినవి. చుట్టూ బొటనవేలంత ఎత్తు అంచు ఉంది. కార్పెట్‌ది తీసేసి నేల తుడిచి వేశాను. అడుగున రెండు కొక్కేలున్నాయి అమ్మా, పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాయి. కన్నాలు వాటి మీదికి రాగానే నీ కోటు బొత్తాం పడినట్టు టక్కున పడింది. గుంజి చూశాను, కదల్లేదు. బ్రేకూ యాక్సిలరేటరూ అడుగుదాకా నొక్కి చూశాను. పెడల్‌కీ మ్యాటుకీ మధ్య నా చిటికెనవేలు పడుతోంది. వెనక సీటువి తేలేదు. రంగు నువ్వే చెప్పాలి.

నువ్వడిగిన కాగితం ఈ కవర్లోనే మడిచి పెట్టాను. సైమా పిన్ని భోజనాల బల్ల మీద పరుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని చూడు. నీలం గీత కారు నేల. ఎర్ర గీత నేను వేసిన మ్యాటు, జారి ఆగినచోట గీసింది. ముందు వైపు కుడి మూలలో ఎర్రది నీలాన్ని దాటుకుని పెడల్ మీదికి వెళ్ళింది. ఆ చోట ఒక చుక్క పెట్టాను. నా మాట నమ్మనక్కర్లేదు. జనవరిలో నీ మాట నేను నమ్మలేదు కాబట్టి నమ్మమని అడిగే మొహం కూడా నాకు లేదు. కాగితం మీది గీతలు చదవడం నీకు నేర్పేవాళ్ళు ఈ సరస్సు చుట్టుపక్కల ఎవరూ లేరు. నువ్వే చూసుకుని, నువ్వే చెప్పుకో.

ఒకటో తారీఖున సంతకం పెట్టకు. పిన్ని దగ్గర ఉండాలని నీకు నిజంగా ఉంటే ఉండు, నేను అడ్డుపడను. నీ మీద నీకు నమ్మకం పోయిందని మాత్రం ఉండకు.

శనివారం తెల్లారగానే బయల్దేరి, సరస్సు చుట్టూ తిరిగి, మధ్యాహ్నం భోజనానికి నీ దగ్గరికి వస్తాను. నీ నీలం కారులోనే వస్తాను. తాళంచెవి చక్కెర గిన్నె పక్కన నువ్వు పెట్టినచోటే ఉండేది, ఇంతకుముందే తీసి నా కోటు జేబులో వేసుకున్నాను. ఆదివారం తిరుగు దారిలో అది నీ చేతికిస్తాను. దారి పొడుగునా ఒడ్డు పక్కనే వస్తాం కదా, మంచు చప్పుడు వినిపిస్తుందేమో అద్దం కాస్త దించుకుని వింటూ వస్తాను. నా కాళ్ళ దగ్గర పెడల్ ఉండదు.

ఇట్లు,
నీ పక్క సీటులో కూర్చోబోయే కూతురు
ఎల్నా